నూట పద్దెనిమిదో గుమ్మం

నరసరావుపేట పాతపేట వార్డు ఎక్కడ మొదలవుతుందని అడిగితే ఆ రోజుల్లో మనిషికో జవాబు వచ్చేది. రైలు దిగి నడిచొచ్చేవాడికి గేటు దగ్గర మొదలు. తాలూకాఫీసులో పనిబడి పల్లెనుంచి వచ్చిన రైతుకు జట్కాలు ఆగేచోట మొదలు. పెద్దమేడ శేషారత్నమ్మగారిని అడిగితే, వార్డు తమ మేడ దగ్గర మొదలై తమ గొడ్లచావిడి దగ్గర అయిపోతుందనేది. బోర్డులు రాసే ఇమాం సాహెబును అడిగితే మాత్రం తడుముకోకుండా "పీర్ల చావిడి కాడ" అనేవాడు. ఎవరి నమ్మకం వాళ్ళది, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కాని పందొమ్మిది వందల నలభై నాలుగులో మునిసిపాలిటీ వాళ్ళు ఏరికోరి ఆ ఇమాం సాహెబు చేతికే నల్లరంగు డబ్బా ఇచ్చి, వార్డులో ఇంటింటికీ నంబరు వెయ్యమన్నారు. అసలు చిక్కంతా అక్కడ వచ్చింది.

ఇమాం సాహెబు దూదేకుల ఇంట పుట్టినవాడు. తండ్రి విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. కొడుక్కి ఆ దూది దుమ్ము పడలేదు. పదేళ్ళకే దగ్గు పట్టుకుంటే, "వీడు మన పనికి పనికిరాడు" అని తండ్రే తీసుకెళ్ళి నాటకాల తెరలు రాసే ఒక పెద్దాయన దగ్గర వదిలాడు. అక్కడ కుంచె పట్టడం వచ్చింది. అక్షరాలూ వచ్చాయి గాని, చదవడం రాలేదు. ఇది వింటే కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. కాయితం మీద ఎవరైనా రాసిస్తే చాలు, తెలుగైనా ఇంగ్లీషైనా ముత్యాల్లా గోడ మీదికి దించేవాడు. ఏం రాశావయ్యా అంటే, "కాఫీ క్లబ్బు వాళ్ళది" అనేవాడు. అంకెలు మాత్రం చదవడమూ వచ్చు, వెయ్యడమూ వచ్చు. ఒకసారి కుంచె ఆనించాక మళ్ళీ దిద్దడనేది అతని పేరు. యాభై ఏళ్ళు వచ్చేసరికి అతనికి ఉన్న ఆస్తి ఆ పేరూ, భార్య మాబున్నీసా, చెవి మీద ఒక కుంచె.

యుద్ధం వచ్చి ఆ పేరును కూడా మూలకు కూర్చోబెట్టింది. రంగు దొరకదు. దొరికినా అంగట్లో సరుకే లేనప్పుడు అంగడికి బోర్డెందుకని షావుకార్లు ఊరుకున్నారు. అలాంటి రోజుల్లో మునిసిపాలిటీ గుమాస్తా వెంకటప్పయ్య కబురు పెట్టాడు. బియ్యం, జొన్నలు, కిరసనాయిలు ఇకమీదట కార్డు మీద ఇస్తారట. కార్డు కావాలంటే ఇంటికి నంబరుండాలట. "ఈ పని చక్కగా చెయ్యవయ్యా, పైవాళ్ళతో చెప్పి నిన్ను ఆఫీసులో నెలజీతానికి వేయిస్తాను" అన్నాడు వెంకటప్పయ్య. ఆ మాటకు మాబున్నీసా ఆ సాయంత్రమే పీర్ల చావిడిలో ఊదు వేసి వచ్చింది.

గుమాస్తా ఒక పటం కూడా ఇచ్చాడు. ఉత్తరపు మూల నుంచి కుడిచేతి వరస, తర్వాత ఎడమచేతి వరస అని దాని మీద గీతలు గీసి ఉంది. ఇమాం సాహెబు దాన్ని కళ్ళకద్దుకుని, మడిచి టోపీలో పెట్టుకున్నాడు. మళ్ళీ తీస్తే ఒట్టు.

తియ్యడానికి అతనికి అవసరమేముంది? ఇరవై ఆరేళ్ళుగా పీర్ల పండక్కి పెద్ద పీరు ఎత్తుతున్నది అతనే. పట్టుగుడ్డలు కట్టిన ఆ వెండిపంజా కర్రను ఎదకు ఆనించుకుని, వట్టికాళ్ళతో, డప్పుల వెనక వార్డంతా నడిచేవాడు. చావిడిలో లేచిన పీరు ముందు దూదేకుల బజారు తిరుగుతుంది. అక్కడినుంచి కంసాలి బజారుకు మళ్ళుతుంది. ఏడాది పొడుగునా సుత్తులు మోగే ఆ బజారు ఆ పూట మాత్రం చేతులు కట్టుకుని నిలబడుతుంది. తర్వాత కోమట్ల బజారు. మిరప్పళ్ళ బస్తాల ఘాటుకు పీరు మోసేవాళ్ళు తుమ్ముతారు, జనం నవ్వుతారు. ఆ తర్వాత పెద్దమేడ, మిషను బడి, జిన్నింగు మిల్లు వెనక గోడ, చివరికి వాగు. దారిలో ప్రతి గుమ్మం ముందూ పీరు ఆగాల్సిందే. ఆగినచోటల్లా ఆ ఇంటి ఆడవాళ్ళు బిందెతో వచ్చి పీరు మోసేవాడి కాళ్ళ మీద నీళ్ళు పోస్తారు. హిందువులూ పోస్తారు, సాయిబులూ పోస్తారు. ఆ నీళ్ళ తడి ఆరకుండానే పక్క గుమ్మం వస్తుంది. అతనికి వార్డు తలలో లేదు, అరికాళ్ళలో ఉంది.

అంచేత అతను ఒకటో నంబరు పీర్ల చావిడి పక్కింటికి వేశాడు. పీరు వీధికి అడ్డంగా దాటేచోట నంబరూ దాటింది. మొక్కున్న ఇల్లు ముందని పీరు వెనక్కి వచ్చేచోట నంబరూ వెనక్కి వచ్చింది. పదిహేడు ఈ వరసలో ఉంటే పద్దెనిమిది ఎదురు వరసలో, పందొమ్మిది సందు తిరిగాక. పన్నెండు రోజుల్లో రెండు వందల ఆరు నంబర్లు వేసి, ఒక్కటీ దిద్దకుండా, కుంచె కడుక్కున్నాడు.

వార్డులో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఏ నంబరు ఎక్కడుందో చిన్నపిల్ల కూడా చెప్పేది, పీరు వచ్చే వరసే గదా! కోపం వచ్చింది శేషారత్నమ్మగారొక్కరికే.

"ఏమయ్యా ఇమామూ, ఊళ్ళో మొదటి మేడ మాది. ముప్పై నాలుగేందయ్యా మాకు? ఆ దూది ఏకుకునే వాళ్ళకు రెండో నంబరేంది?" అని మేడమీద నుంచే కేకేసింది.

"అమ్మగారూ, పీరు మీ గుమ్మం ముందు ముప్పై నాలుగో ఆగుడు ఆగిద్ది. నేనేం జెయ్యను?" అన్నాడతను.

పీరు పేరెత్తాక ఆవిడ విసవిసా లోపలికి పోయింది. కొడుకు పుట్టాలని ఆ పీరుకు మొక్కిన మనిషి మరి.

పటానికీ గోడలకూ పొంతన లేదని వెంకటప్పయ్యకు రెండో రోజే తెలిసింది. రిజిస్టరు చంకనబెట్టుకుని వెనకే వచ్చి ఇంటివాళ్ళ పేర్లు రాసుకుంటూ అతను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. కాని చెరిపి మళ్ళీ రాయించడానికి రంగేదీ? నోరు మూసుకుని ఉన్నదున్నట్టు రాసుకుపోయాడు. పైవాళ్ళు రిజిస్టరు చూశారు, గోడలు చూడలేదు. ఒకటి నుంచి రెండు వందల ఆరు దాకా వరసగా ఉన్నాయి గదా, భేషన్నారు. నెలజీతం ఖాయమన్నట్టే వెంకటప్పయ్య కళ్ళతో సైగ చేశాడు. మాబున్నీసా మళ్ళీ ఊదు వేసింది.

కార్డులు ఇచ్చిన వారంలోనే రామలక్ష్మి సున్నం గంప నెత్తిన పెట్టుకుని ఇమాం సాహెబు ఇంటికి వచ్చింది. బోర్డులకు కింద పూత వేసే సున్నం అతను ఎప్పుడూ ఆమె దగ్గరే కొనేవాడు. జిన్నింగు మిల్లు గోడ దాటాక, వాగుకు ముందు, సున్నపు బట్టీల సందులో ఉంటుంది రామలక్ష్మి. పల్నాటి రాయిని కాల్చి సున్నం చేసే తొమ్మిది ఇళ్ళ సందు అది. మొగుడు పోయి మూడేళ్ళు. కళ్ళు కనపడని అత్తనూ, ఇద్దరు ఆడపిల్లలనూ ఆ గంపతోనే సాకుతోంది.

"మీకు కార్డు మీద జొన్నలెన్ని ఇచ్చారే అమ్మాయ్?" అనడిగింది మాబున్నీసా, మాటవరసకు.

"మాకు కార్డు యాడిదమ్మా? నంబరెంతన్నాడు కార్డులాయన. నంబరేందన్నా. పో పొమ్మన్నాడు. మా సందులో తొమ్మిదిళ్ళకీ అంతే." రామలక్ష్మి గంప దించి, చెంగుతో మొహం తుడుచుకుంది. గొంతులో కోపం లేదు. "మాకేదైనా సందు మొగదాకే గదా బాబాయ్ వచ్చేది! మంచినీళ్ళ బండైనా అంతే, దీపమైనా అంతే. ఆకరికి పీరైనా అంతే."

ఇమాం సాహెబు చేతిలోని సున్నం మళ్ళీ గంపలో పెట్టేశాడు.

నిజమే. పీరు ఆ సందులోకి వెళ్ళదు. అతను తీసుకెళ్ళిందీ లేదు, అతని ముందు మోసిన మామ తీసుకెళ్ళిందీ లేదు. దానికి కులం కారణం కాదు, పగ కారణం కాదు. ఆ సందు నేలంతా కాల్చిన సున్నం పొడి. పొడికాళ్ళతో నడిస్తే ఏమీ కాదు. ఇంటింటా నీళ్ళు పోయించుకుని తడిసిన కాళ్ళతో అడుగు పెడితే బొబ్బలెక్కిపోతాయి. అందుకని ఎప్పుడో పెద్దలు ఒక ఏర్పాటు చేశారు. పీరు సందు మొగలోనే ఆగుతుంది, తొమ్మిది ఇళ్ళ ఆడవాళ్ళూ బిందెలతో అక్కడికే వచ్చి నీళ్ళు పోసి వెళతారు. అతని అరికాళ్ళకు ఆ తొమ్మిది ఇళ్ళూ కలిపి ఒకే ఆగుడు. నంబర్లు వేసేటప్పుడు నూట పదిహేడు అయ్యాక అక్కడ ఆగాడు, మొగలో ఉన్న మొండిగోడ మీద నూట పద్దెనిమిది వేశాడు, నూట పందొమ్మిదికి నడిచిపోయాడు. లోపల ఇళ్ళున్నాయన్న సంగతి తెలియక కాదు. ఆ దిక్కుకు కాళ్ళు తిరగలేదు, అంతే. వెనకొచ్చిన వెంకటప్పయ్య అయినా చూడొద్దూ? సున్నపు దుమ్ముకు కళ్ళు మండుతాయనీ, తెల్లపంచె పాడవుతుందనీ అతనూ మొగలోనే నిలబడి, నూట పద్దెనిమిదికి ఎదురుగా 'ఖాళీ' అని రాసుకుపోయాడు. ఇద్దరూ ఇద్దరే.

తప్పు తనదని రామలక్ష్మికి తెలియదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. సర్కారే తమను వదిలేసిందని అనుకుంటుంది, అలా అనుకోవడం వాళ్ళకు అలవాటే. ఆ అలవాటే అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

"చెబితే జీతం పోయిద్ది," అన్నాడు భార్యతో.

మాబున్నీసా చేటలో జొన్నలు చెరుగుతోంది. ఆ జీతం మీద ఆమె ఎన్ని ఆశలు పెట్టుకుందో అతనికి తెలుసు. చేట కింద పెట్టి, "మనకు ఈ జొన్నలన్నా ఉండయి," అంది. "ఆ పిల్లకు అయ్యి కూడా లేవు. పొయ్యి చెప్పు."

మర్నాడు ఆఫీసులో వెంకటప్పయ్య ఆ మాట వినగానే తల పట్టుకున్నాడు.

"ఇప్పుడా చెప్పేది? జాబితా శనివారంతో మూసేస్తున్నారు. మళ్ళీ తెరిచేది ఆరు నెలలకు. తొమ్మిదిళ్ళు మర్చిపోయామని రాస్తే నాకు మెమో, నీకు ఉద్వాసన. నువ్వు నంబర్లు వేసిన సొగసు కూడా అప్పుడే బయటపడుద్ది. ఎవరూ అడగలేదుగా, ఊరుకోవయ్యా!"

"ఆరు నెల్లు ఏం తింటారండీ వాళ్ళు?"

"ఇన్నాళ్ళు ఏం తిన్నారు?"

"ఇన్నాళ్ళు అంగట్లో దొరికేది. ఇప్పుడు కార్డు లేందే ఎవుడమ్ముతాడండీ?" ఇమాం సాహెబు టోపీ తీసి, అందులోంచి ఆ పటం తీసి, మడతలు విప్పకుండానే బల్ల మీద పెట్టాడు. "నాకు చదవడం రాదు గుమాస్తా గారూ. ఇది నేను చూళ్ళేదు. తప్పు ఇమాం సాహెబుదని రాయండి. మీ పేరు ఎత్తొద్దు. నేను ఏలిముద్ర వేస్తా."

వెంకటప్పయ్య చెడ్డవాడేం కాదు, పిరికివాడు. పిరికివాళ్ళకు పక్కవాడు ధైర్యంగా నిలబడితే సిగ్గేస్తుంది. ఆ సిగ్గుతో రిజిస్టరు ముందుకు లాక్కుని, పేజీలు తిప్పి, నూట పద్దెనిమిది దగ్గర వేలు ఆపాడు.

"ఇదిగో, ఈ గోడకు నంబరెందుకు వేశావయ్యా నువ్వు? ఇల్లే లేదుగా?"

"పీరు ఆగిద్దండీ అక్కడ."

"ఆగిందే మేలయింది," అన్నాడు గుమాస్తా నెమ్మదిగా. "కొత్త నంబర్లు చేర్చే అధికారం నాకు లేదు. ఉన్న నంబరు కింద బై నంబర్లు వేసుకోవచ్చు. నూట పద్దెనిమిది బై ఒకటి, బై రెండు, అట్టా తొమ్మిది దాకా. అయితే శనివారం పొద్దున ఇనస్పెక్టరు వచ్చి చూసేసరికి గోడల మీద నంబర్లు ఉండాల. ఇవాళ గురువారం. డబ్బాలో రంగుందా?"

చుక్క లేదు. నరసరావుపేట బజారంతా తిరిగినా లేదు. శుక్రవారం ఉదయం ఇమాం సాహెబు వట్టి కుంచె పట్టుకుని సున్నపు సందు మొగలో నిలబడ్డాడు. యాభై ఏళ్ళు ఆ వార్డులో బతికినవాడు, మొదటిసారి లోపలికి అడుగు పెట్టాడు.

లోపల అతను చూసింది చెబితే వేరేవాళ్ళకు వింతగా ఉండదు గాని, కుంచె పట్టిన వాడికి వింతే. అవి తాటాకు కప్పుల గుడిసెలు, తలుపుల బదులు తడికలు. గోడలు మాత్రం తెల్లగా, నున్నగా, ఒక మరక లేకుండా ఉన్నాయి. ఊరందరి గోడలకూ సున్నం ఇచ్చేవాళ్ళు తమ గోడలకు తక్కువ చేసుకోలేదు. పెద్దమేడ గోడ కూడా ఇంత బాగుండదు. ఇన్నేళ్ళూ ఇంత మంచి గోడలు పక్కన పెట్టుకుని, ఊళ్ళో పెచ్చులూడిన గోడల మీద రాస్తూ తిరిగాననుకున్నాడు.

రామలక్ష్మి అతన్ని చూసి బిత్తరపోయింది. "ఏంది బాబాయ్, ఇట్టా లోపలికొచ్చావు?"

అతను దాచలేదు. తప్పు తనదని, ఎలా జరిగిందో, అందరూ వినేట్టు చెప్పాడు. రేపు పొద్దుటికల్లా నంబర్లు వెయ్యాలనీ, నల్లరంగు చుక్క లేదనీ కూడా చెప్పాడు. బట్టీ దగ్గర రాయి పేరుస్తున్న ముసలాయన ఒకడు ఉమ్మేసి, "నువ్వు గూడానా ఇమామూ," అన్నాడు. ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. రామలక్ష్మి మాత్రం, "నల్లరంగు గావాలన్నావు గదా, బట్టీ మసి ఎంత గావాలన్నా ఉంది," అని లోపలికెళ్ళి కుండెడు గీకి తెచ్చింది. తుమ్మబంక పిల్లలు ఏరుకొచ్చారు. మసీ బంకా కలిపి నూరితే రంగు నిగనిగలాడింది. ఎండ తిరిగేలోగా తొమ్మిది గుమ్మాల పక్కన తొమ్మిది నంబర్లు పడ్డాయి. కళ్ళు కనపడని అత్త బయటికొచ్చి, తడి ఆరని గోడ మీద వేలు పెట్టి, "ఇదేనా మా నంబరు?" అని తడిమి చూసింది. బై తొమ్మిదికి ఒక పక్క అలుక్కుపోయింది. అతను దాన్ని దిద్దలేదు, అలాగే ఉంచాడు.

శనివారం ఇనస్పెక్టరు వచ్చాడు, చూశాడు, సంతకం పెట్టాడు. తొమ్మిది కార్డులు వచ్చాయి. నెలజీతం రాలేదు. 'పెయింటరు అజాగ్రత్త' అని కాయితం మీద ఎక్కిన మనిషిని ఆఫీసులో ఎవరు పెట్టుకుంటారు? ఆ పని ఇంకెవరికో పోయింది. మాబున్నీసా రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "నే చెప్పమంటేనే గదా చెప్పావు, ఇంక నిన్నేమనను," అని అన్నం పెట్టింది.

ఆ ఏడు పీర్ల పండగ చలికాలంలో వచ్చింది. ఇమాం సాహెబు ఎప్పటిలాగే పెద్ద పీరు ఎత్తుకున్నాడు. దూదేకుల బజారు, కంసాలి బజారు, కోమట్ల బజారు దాటారు. శేషారత్నమ్మగారు ముప్పై నాలుగో గుమ్మం ముందు మూతి ముడుచుకునే నీళ్ళు పోసింది. జిన్నింగు మిల్లు గోడ వచ్చేసరికి నూట పదిహేడిళ్ళ నీళ్ళతో అతని కాళ్ళు మోకాళ్ళ దాకా తడిసి, చలికి కొయ్యబారి ఉన్నాయి. సున్నపు సందు మొగలో తొమ్మిది బిందెలు ఎదురుచూస్తున్నాయి. డప్పుల వాళ్ళు మొండిగోడ దగ్గర ఒక వాయింపు వాయించి, అలవాటు ప్రకారం వాగు దిక్కుకు మళ్ళారు.

పీరు మళ్ళలేదు.

"ఇమామూ, దారి ఇటు," అని వెనకనుంచి ఎవరో కేకేశారు.

"తెలుసు. ఇది నూట పద్దెనిమిది. ఇంక బై ఒకటికి పోవాల," అన్నాడు ఇమాం సాహెబు. అని, సందులోకి కాలెత్తాడు.

"ఆగు బాబాయ్!" అని రామలక్ష్మి అడ్డమొచ్చింది. బిందె కింద పెట్టేసింది. "తడికాళ్ళు, కాలిపోతయ్. నీకు తెలీదూ?"

"కాలనీయమ్మా. ఇరవై ఆరేళ్ళు రాలా నేను."

ఆమె అతని ముందు నేల మీద కూర్చుని, భుజం మీది చెంగు లాగి, ఒక కాలు తన మోకాలి మీద పెట్టుకుని తుడవడం మొదలుపెట్టింది. మడమ తుడిచింది, వేళ్ళ సందులు తుడిచింది. తర్వాత రెండో కాలు. చెంగు తడిసిపోతే పక్కామె తన చెంగు అందించింది. అందరూ పోసిన నీళ్ళు ఆ ఆడవాళ్ళు తుడుస్తుంటే, డప్పుల వాళ్ళు వెనక్కొచ్చి చప్పుడు చెయ్యకుండా నిలబడ్డారు. పీరు కర్ర మీద గడ్డం ఆనించి, ఇమాం సాహెబు అందరి ముందూ ఏడ్చాడు.

తర్వాత ప్రతి ఏడూ అదే ఆచారమయింది. వార్డంతా కాళ్ళకు నీళ్ళు పోసేది, సున్నపు సందు మాత్రం తుడిచేది. ఆ రోజుకు అదింకా ఆచారం కాదు. రామలక్ష్మి లేచి, తడిచెంగు పిండుకుని, "రా బాబాయ్," అని ముందు నడిచింది. అతను పొడికాళ్ళతో ఆమె వెనక నడిచి, బై ఒకటి ముందు ఆగాడు.